రిమార్కుల గడి

పొద్దున ఎనిమిదిన్నరకు
గొళ్ళెం తీసి తెల్లపెట్టె తలుపు తెరుస్త.
లోపల రెండు థర్మామీటర్లు,
ఒకటి పొడిగ, ఒకటి తడిగుడ్డ చుట్టుకొని
జ్వరమొచ్చిన పిల్ల లెక్క.
రెండింటి నడుమ తేడా ఎనిమిది డిగ్రీలు.
అంటే గాలికి కూడా దూప అయితున్నది.

వానమాపకం గరాటు ఎత్తి చూస్త.
ఒక చీమ, ఎండిన వేపాకు.
సున్నా అని రాస్త.
జూన్ పేజీ నిండా సున్నాలే,
ఏదో పిట్ట గుడ్లు పెట్టి
పొదగకుండ పోయినట్టు.

కల్వకుర్తి నేలకు ఓపిక ఎక్కువంటరు.
అనేటోళ్లెవరూ ఈ యేడు పత్తిగింజ కొనలేదు.

పోయిన గురువారం బులెటిన్ నేనే రాసిన:
వాన పడే అవకాశం అరవై శాతం.
తండా నుంచి రూప్లా నాయక్ ఫోన్ చేసి అడిగిండు:
"మేడం, ఆ అరవై నా చెల్కల పడ్తదా,
మిగిలిన నలభై నా చెల్కల పడ్తదా?"
నవ్విన.
ఫోన్ పెట్టినంక నవ్వు రాలే.
కంప్యూటర్ మోడల్‌ల గడి ఒక్కొక్కటి పన్నెండు కిలోమీటర్లు.
ఆయన చెల్క రెండెకరాల పది గుంటలు.

విత్తిండు.
వాన వచ్చింది, అబద్ధం కాదు,
రోడ్డుకు అవతలి పక్క,
మందల సగం బర్రెలే తడిసేంత కచ్చితంగ.
మా లెక్కల అది ఒప్పు.
గడిల వాన పడ్డది కదా.

ఆదివారం బండేసుకొని పోయిన.
తప్పయిందని చెప్పే మాట
మా మాన్యువల్‌ల ఎక్కడా లేదు, వెతికిన.
ఆయన సాలు వేలితో తోడి చూపిండు.
గింజ మీద గులాబీ మందు రంగు కూడా చెదరలే.
"సచ్చిపోలే మేడం, పండుకున్నది.
రేపెంత శాతం?"
ముప్పై, అన్న.
ఏం మాట్లాడకుండ
గింజ మీదికి మళ్ళ మన్ను జరిపిండు.

ఈ పొద్దు ఆవిరి తొట్టిల
నీళ్ళు పదిహేడు మిల్లీమీటర్లు తగ్గినయ్.
ఎంత ఎండైనా ఒక్కనాడు అంత గుంజదు.
వలకు చిరుగు. తొట్టి చుట్టూ గిట్టల అచ్చులు.
ఆకాశం తాగిందెంత, మేక తాగిందెంత,
విడదీసే సూత్రం నాకెవరూ నేర్పలే.
అంకె గడి ఖాళీగ ఇడిసిపెట్టి
పక్క గడిల రాసిన:
మేక తాగింది.
తొట్టి నింపిన.
వల ఇంకా కుట్టలేదు.