షేడ్ కార్డు

తాళాల గుత్తి తీసినట్టు
పదహారు పళ్ళ గుత్తి తీసింది డాక్టర్ కర్స్టెన్.
చీరకి జాకెట్టు గుడ్డ కలుస్తుందో లేదో చూసినట్టు
ఒక్కొక్కటే నా పెదవి దగ్గర పెట్టి చూసింది.
ఏదీ కలవలేదు.

టీ బాగా తాగుతారా? కాఫీ? పొగాకు?
నీళ్ళు, అన్నాను.
కీబోర్డు మీద ఆమె వేళ్ళు ఆగాయి.
నీళ్ళేనండీ.
నల్గొండ దిక్కు బోరింగు నీళ్ళు.
మా అన్న మోకాళ్ళని వంచినవీ
నా పళ్ళకి గార పట్టించినవీ అవే.
దప్పికైతే తాగాం, అంతే.

బాలరాట్‌లో జూలై.
కిటికీ బయట ట్రామ్ పట్టాల మీద తెల్లగా మంచు,
ఆ తెలుపు కూడా ఆ గుత్తిలో లేదు.

వైటెనింగ్ చేస్తే తెల్లనివి ఇంకా తెల్లబడతాయి,
గోధుమ మచ్చలు అలాగే ఉండిపోవచ్చు, అంది.
డబ్బు తీసుకునే ముందే నిజం చెప్పే మనిషి.
ఆ తర్వాత, మాటల్లో మాటగా,
ఈ ఊరి కుళాయి నీళ్ళలో కూడా
అదే కలుపుతారు, చిటికెడు,
పళ్ళు గట్టిపడటానికి, అంది.

చిటికెడైతే ఉప్పు, గుప్పెడైతే శిక్ష.
నవ్వొచ్చింది నాకు.
నవ్వు కంటే ముందే చెయ్యి లేచింది
నోటి మీదికి.

ఈ చేతికి నలభై ఏళ్ళ అలవాటు.
బడి ఫోటోలో, పెళ్ళి ఫోటోలో, పాస్‌పోర్టులో
మూసిన పెదవులు.
పిల్ల గంభీరం, అనేవారు చుట్టాలు.
నేనెంత వాగుడుకాయనో
నా దిండుకి తెలుసు.

రాత్రి డ్యూటీలో పదకొండు గ్లాసులు కడుగుతాను,
పదకొండు గ్లాసుల్లో మునిగి పదకొండు పళ్ళసెట్లు.
తొంభై ఒక్కేళ్ళ బెరిల్‌కి
ఇరవై ఒకటో పుట్టినరోజు కానుకగా
ఉన్న పళ్ళన్నీ పీకించారట.
కాబోయే మొగుడికి ఖర్చు తప్పుతుందని.
ఒక్కటీ పుచ్చలేదే అమ్మాయ్, అని
బోసినోటితో పడీ పడీ నవ్వుతుంది.
చెయ్యి అడ్డం పెట్టుకోదు.

పక్క కుర్చీలో మేదిని. పదమూడేళ్ళు.
కోరపన్ను చిగురెక్కి కూర్చుంది,
అటక మీద పిల్లిలా, దిగనంటూ.
రెండేళ్ళు తీగ, నెలనెలా బిగింపు,
రబ్బర్ల రంగు మాత్రం తన ఇష్టం.
ఊదా అడిగింది. మొదటి వారం
పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టాలి.
నా వైటెనింగుకని దాచిన డబ్బు
దాని మొదటి మూడు వాయిదాలకి సరిపోయింది.
త్యాగం కాదు, లెక్క.
గార ఎటూ పోదు, కోరపన్ను దిగుతుంది.

చికిత్సకి ముందు ఫోటో తీయాలి,
నవ్వమ్మా, అంది నర్సు కెమెరా పట్టుకుని.
మేదిని చెయ్యి లేచింది
నోటి మీదికి,
నాలుగు వేళ్ళు దగ్గరగా, బొటనవేలు దవడ కింద,
అచ్చం.

నేనెప్పుడూ నేర్పలేదే.

చెయ్యి తియ్యి, అన్నాను.
వేళ్ళ సందుల్లోంచి నన్నే చూస్తూ అంది:
నువ్వు ముందు.