ఈ, ఈ, ఏ

మూడే తీగలు. మొదటి రెండూ ఒకటే స్వరం, ఈ.
మూడోది ఏ.
తార్నాకలో, సందు చివర, రెండో అంతస్తులో
గలీనా ఆంటీ బలలైకా బిరడాలు తిప్పుతూ
"ఈ, ఈ, ఏ" అన్నప్పుడు
నా చెవికి తెలుగే తగిలింది:
ఈ దారా, ఈ దారా, ఏ దారి?

పగలంతా సీరియళ్లకు ఏడుపు సప్లై చేస్తాను.
కోడలు కొంగు నోట్లో కుక్కుకోగానే
వయొలిన్ మొదలవ్వాలి, అర సెకను ఆలస్యమైతే ఫోనొస్తుంది.
రాత్రి పదకొండు దాటాక
మిగిలిన చెవితో ఇది రాస్తున్నాను.
ఒక బలలైకా, ఎదురుగా ఇరవై రెండు మంది ఆర్కెస్ట్రా.

మొదటి భాగంలో మంచు పెట్టాను.
పైన ఫ్లూట్లు, సన్నగా.
మధ్యమధ్య చిన్న గంటలు, చుక్కలు చుక్కలుగా.
కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి చూసిందామె.
"ఇదేంది బిడ్డా?"
"మంచు, ఆంటీ."
"నలభై తొమ్మిదేండ్లాయె నేను మంచు జూడక.
ఫ్రిజ్‌ల పడ్డది గూడ గీకి పారేస్త."
పెన్సిల్ గుంజుకొని పదిహేడు గడులు కొట్టేసింది,
కిరాణా చీటీలో ఇంట్లో ఉన్న సరుకు కొట్టేసినట్టు.

ఆమె ఆయనది సీతాఫల్‌మండి.
వొరొనెజ్‌లో లోహాల చదువు చదివి
ఒక పట్టా, ఒక ఇస్త్రీపెట్టె, ఈమె,
ఈమె ఒళ్లో ఈ మూడు మూలల కర్రపెట్టె,
ఇవీ ఆయన తెచ్చుకున్నవి.
ఇస్త్రీపెట్టె ఇంకా పనిచేస్తోంది.

నైలాను తీగ తెగితే ఇక్కడెక్కడ దొరుకుతుంది?
రాంనగర్ చేపల మార్కెట్ పక్కన
గాలపు దారం అమ్మే కొట్టుకి పోయేదట.
వేళ్ల మధ్య సాగదీసి, చెవి దగ్గర పెట్టుకొని మీటితే
కొట్టాయన అడిగాడట, ఏం చాపకమ్మా?
"కొర్రమీనుకన్న.
పాటకంటె రేటు పెంచుతడు."

అసలు చిక్కు వేరే ఉంది. దీని గొంతు చిన్నది.
నాలుగు చెల్లోలు కలిసి ఊపిరి పీల్చినా చాలు, మునిగిపోతుంది.
ముందు ట్రాంబోను తీశాను. తర్వాత హార్న్‌లు.
డోలు ఉంచాను, మళ్లీ తీశాను.
చాటలో బియ్యం పోసుకొని
రాళ్లు ఏరుతూ ఏరుతూ తెల్లారింది.
ఏరి పారేసినవే బియ్యమేమో అని
చెత్తబుట్టలోంచి రెండు కాగితాలు వెనక్కి తీసుకున్నాను.

ఉండబట్టలేక అడిగాను ఒకరోజు:
రెండూ ఒకటే స్వరమైతే రెండెందుకు ఆంటీ?
"ఒకటే అని నీకెవలు జెప్పిన్రు?"
రెంటినీ కలిపి మీటి, చెయ్యి తీసేసింది.
ఆషాఢం తేమకి ఒకటి వెంట్రుకంత జారి ఉంది.
రెంటి మధ్యా సన్నటి వణుకు,
బోరు మోటారు ఆపాక పైపులో
కాసేపు మిగిలే గుర్రు లాంటిది.
ఆ వణుకుని ఎట్లా రాయాలో
నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.
రెండో భాగం మొత్తం చింపేసి
అక్కడ నుంచి మొదలుపెట్టాను.

సికింద్రాబాద్‌లో చర్చి వెనక హాలు. రేకుల కప్పు.
రిహార్సల్ అరవై ఒకటో గడికి వచ్చేసరికి
వాన దబదబా దిగింది.
ఆమె చెయ్యెత్తి ఆపింది. తీగ జారింది.
ఎబినేజరు గారి కర్ర గాల్లోనే ఉండిపోయింది.
మిలిటరీ బ్యాండులో రిటైరైన ఓబో తాత
అడక్కుండానే స్వరం ఇచ్చాడు,
వానలో అది ఎవరికీ వినపడలేదు.
వయొలిన్ల వెనక వరసలో పిల్ల ఒకతి
టిఫిన్ డబ్బా మూత పెట్టబోయి,
చప్పుడవుతుందని, అట్లాగే పట్టుకు కూర్చుంది.

ఇరవై రెండు మంది,
తలొంచిన ఒక ముసలామె,
బిరడా మీద రెండు వేళ్లు.

ఈ.
కొంచెం తిప్పింది.
ఈ.
రేకుల మీద వాన.
ఏ ఇంకా మీటలేదు.