విస్కాచా చెవులు

కొచబాంబా దాటాక తారురోడ్డు లేదు.
ఫ్రొయిలాన్ తోలే పికప్పులో
ఈసీజీ పెట్టెను చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని
నేను. ఇది పద్దెనిమిదో ఏడు.
మొదలైనప్పుడు మోల్యెపంపా జాబితాలో
గుండెలు రెండువందల ముప్ఫై.
పోయినేడు నూట నలభై.
ఈ ఏడు వెళ్తే గాని తెలీదు.

నేను డాక్టర్ని కాను. ఎన్నిసార్లు చెప్పినా వినరు.
నా పని జిగురు పూయడం, తీగలు తగిలించడం,
ఊపిరి బిగబట్టమనడం,
కాగితం చించి నంబరు వేయడం.

ఇక్కడి నల్లి పేరు వించూక.
పగలంతా మట్టిగోడ నెర్రెల్లో పడుకుంటుంది.
దీపం ఆర్పాక గడ్డికప్పు మీంచి జారిపడి
నిద్రపోయే మొహం మీద, పెదవి పక్కన
ముద్దంత మెత్తగా కుడుతుంది.
తెల్లారి దురద. గోక్కుంటారు. మరిచిపోతారు.
ఆ గీరుడులో లోపలికి దూరిన పురుగు మరిచిపోదు.
ఇరవయ్యేళ్లు, ముప్ఫయ్యేళ్లు
కండను పోగు పోగునా కొరుకుతుంది.

దుఃఖమొస్తే గుండె చెరువైందంటాం.
ఇక్కడ ఏ దుఃఖమూ అక్కర్లేదు.
ఎక్స్‌రేను కిటికీకి ఆనించి చూస్తే
నిజంగానే చెరువు. గట్టు పలచబడి,
అడుగున ఓ మూల ఉబ్బి,
ఇంకొక్క వానకు తెగేలా.

సాతుర్నీనా వరాచి. నంబరు రెండువందల పన్నెండు.
మొదటేడు కాగితం నా చేతిలోంచి లాక్కుని
తలకిందులుగా పట్టుకుని, మళ్లీ తిప్పి,
"ఇది నా గుండె మాట అంటావు. ఏ భాష?
నాకు క్వెచువా ఒక్కటే వచ్చు" అంది.
తర్వాత ఒకచోట గోరు ఆనించి:
"ఇవిగో, విస్కాచా చెవులు."

కుడికొమ్మలో విద్యుత్తు దారి మూసుకుపోతే
గీత రెండుగా చీలి నిక్కుతుంది.
అది నాకు ఎక్కించడానికి
మా మాస్టారికి రెండు నెలలు పట్టింది.
కొండరాళ్ల మధ్య చెవులు రిక్కించే జంతువును
ఆమె ఒక్క చూపులో పట్టేసింది.
అప్పట్నించి ఏటా మొదటి ప్రశ్న అదే:
"చెవులు పెరిగాయా?"

రెండో ప్రశ్నకే నాకు భయం.
"ఇంత నెత్తురు పట్టుకెళ్లారు. ఏం తేలింది?"

తేలింది, పోయిన మార్చిలో.
చల్లటి హాల్లో, తెర మీద, రెండు గీతలు
ఒకదాన్నొకటి పెనవేసుకుని కిందికి దిగాయి.
మందుబిళ్ల మింగినవాళ్లది, ఉత్త పిండిబిళ్ల మింగినవాళ్లది.
పురుగు నెత్తుట్లోంచి పోయింది.
చెరువు పెరుగుతూనే ఉంది.
"చెప్పుకోదగ్గ తేడా లేదు" అన్నాడు చదివినాయన.
మంచినీళ్లు తాగి, తర్వాతి స్లైడు వేశాడు.

ఆ మాటను క్వెచువాలో ఎలా అనాలి?
ఫ్రొయిలాన్ని అడిగితే
"నాకు బండి తోలడమే తెలుసు" అన్నాడు.
రెండు మలుపుల తర్వాత ఒక మాట ఇచ్చాడు.
అది సరిపోలేదు.

ఆమె దుంపల తొక్కు తీస్తూ వింది.
కత్తి ఆగలేదు.
"నాకిచ్చింది మందా, పిండా?"
జాబితా చూసి చెప్పాను. మందు.
"అనుకున్నా. చేదుగా ఉండేది."
చాలాసేపటికి:
"మరి పనిచెయ్యలేదని రాశారా?
రాయకపోతే ఇంకో లోయకెళ్లి
ఇంకో ముసలిదానికి మింగిస్తారు."

రాశామన్నాను.
గిన్నెలో ఇంకో దుంప పడింది.

తర్వాత మనవరాల్ని కేకేసింది.
విల్మా, ఏడేళ్లు. నెత్తుట్లో పురుగుందని
పోయినేడే బయటపడింది.
"అదే చేదు దీనికి?"
పిల్లలకు పనిచేస్తుంది. కండ ఇంకా చెడలేదు.
అరవై రోజులు మింగాలి.
ఇది మాత్రం తడుముకోకుండా చెప్పాను.

బల్ల మీద పడుకోబెట్టి తీగలు తగిలించాను.
చల్లదనానికి కితకితలు.
ఊపిరి బిగబట్టమంటే ఇంకా నవ్వింది.
సూది వెర్రెత్తినట్టు గీసింది:
కంపచెట్లు, గులకరాళ్లు, కోళ్లు కెలికిన నేల.
చెవులున్నదీ లేనిదీ తెలియని గీత.

రెండోది సరిగ్గా వచ్చింది. చెవుల్లేవు. ఫైల్లో పెట్టాను.
మొదటిదాని మీద "చెడిపోయింది" అని రాసి
పారేయాలి. నియమం.
కోటు జేబులో మడతపెట్టి ఉంది.
దానికింకా నంబరు వేయలేదు.