తొమ్మిది గుంతలు

బోరు మోటరు కాడికెళ్లి ప్రహరీ గోడ దాకా
ఉపాధి పనిల తొమ్మిది గుంతలు తవ్విండ్రు.
ఏం చెట్లు పెట్టాల్నో నువ్వే చెప్పమన్నడు పెద్దసారు,
డ్రాయింగు సారువు గద, రంగులు నీకే తెలుస్తయని.

పెయింటు కంపెనీ క్యాలెండర్ల
అక్టోబరు మీద ఒక అడవి ఉంటది.
కొండంత కుంకుమ, దాని కింద పసుపు.
ఏ దేశమో రాయలే.
నెలలు పోయినా నేను ఆ కాగితం తిప్పలే.

దాన్నే చుట్ట చుట్టి సంకల పెట్టుకొని
మొదటి వానలకు
బల్మూరు నుంచి మన్ననూరు నర్సరీకి పోయిన.
చిగుర్ల ఈదమ్మ సంచులల్ల మన్ను నింపుతున్నది.
బొమ్మ విప్పితే
చెయ్యన్న కడుక్కోకుంట వంగి చూసింది.
"అంటుకున్నదా సారూ అడివి?"
"కాదమ్మా. రాలేముందు ఆకులట్ల మారుతయ్, చలికి."
"సచ్చేటప్పటి రంగా."
ఇంకో సంచి నింపి, మూతి దులిపి,
"మా దిక్కు పుట్టేటప్పుడు ఎర్రగుంటయ్" అన్నది.

వరుసల నడుమ ఆమె ముంగట, నేను ఎనక.
బురదల నా చెప్పు ఒకటి ఊడింది, ఆగలే.
టేకు లేతాకు తుంచి
నా అరచేతిల పెట్టి బొటనవేలితో నలిపింది.
గోరింటాకు ఇంత జల్ది పండదు.
ఇప్ప ముందు ఉన్నదంత రాల్చుకుంటదట,
పువ్వులు గూడ వదులుకుంటదట,
అటెన్క తొడుగుతది
చింతపండేసి తోమిన రాగి చెంబు తీరు.
పుసుగు మీద చెయ్యి పెట్టి
"దీనికి ఓపిక గావాలె.
నువ్వు ట్రాన్స్‌ఫరయి పోయినంక ఎర్రబడ్తది" అని నవ్వింది.
మోదుగు అడిగిన.
"అది పువ్వు. నువ్వు అడిగింది ఆకు."
వేప?
"ఉగాదికి వారం ముందు చూడు.
అందరి ఇంట్ల ఉంటది, ఎవలు చూస్తరు?"

నీ బొమ్మల తీరు చెట్టు ఒక్కటుందని
ఆఖరుకు బాదం చూపించింది.
పుష్యమాసపు చలికి
ముసలాకు నిలబడే ఎర్రబడ్తదట.

బండి దిగకముందే జైనబ్బీ చీపురుతో అడ్డమొచ్చింది.
"బాదమా? ఒక్కో ఆకు ఇస్తరంత!
రంగు మీది, నడుము నాది."
నా కాడ జవాబు లేదు.
ఆమెనే గ్రౌండు మొత్తం తిరిగింది,
కొంగు ఎటు ఎగురుతదో చూస్కుంట.
"చలికాలం గాలి తూర్పుకెళ్లి వస్తది.
గా పడమటి మూలకు పెట్టుండ్రి.
సగం ఆకులు గోడ దుంకి కందిచేన్ల పడ్తయ్."
ఇరవై రెండేండ్లు ఊడ్చిన మనిషి లెక్క అది.
తొమ్మిదిట్ల ఒక్కటే బాదం,
ఆమె చూపిన గుంతల.

రెండు ఇప్పలు మేకలు తిన్నయ్.
ఒక టేకును వికెట్టని పీకిండ్రు ఏడో తరగతోళ్లు.
పుసుగు మోకాలు దాకా వచ్చి
ఇంకేదో ఆలోచన చేస్తున్నట్టు ఆగింది.
అరచేతి మరక మూడు దినాలుండి పోయింది గాని
క్యాలెండరు మూలకు తుడిచిన వేలిముద్ర
ఇప్పటికీ ఉన్నది,
ఆ దేశపు అడివికి మా టేకు.

నాలుగో చలికాలం.
ప్రార్థనకు ముందు మంచు,
గోడ మీద కాకి,
పడమటి మూల ఒక్క చెట్టు
పిల్లలెవ్వరు ముట్టని రంగుపెట్టె తీరు తెరుసుకొని ఉన్నది.
గాలి లేదు. ఒక్కాకు గూడ గోడ దుంకలే.
అన్నీ ఇటే పడ్డయ్, మొగం మీదికి కొన్ని,
ఈపు మీదికి కొన్ని.

జైనబ్బీ చీపురు సంకల పెట్టుకొని
చానసేపు నిలబడ్డది.
నేను పోయి తిట్లు తిందామనే పక్కన నిలబడ్డ.

"సార్,
ఇయ్యాల ఊడ్వాల్నా?"