పిడి ఎత్తు

పెళ్లి అయిపోయిన తెల్లారి
మండపేట ఫంక్షన్ హాలు ఎలా ఉంటుందో
మరిడమ్మకి తెలుసు, నాకు తెలీదు.
నాకు తెలిసిందల్లా రాగి తీగ.
కాలవ గట్టు మీద మా కొట్టు.
కాలిన మోటారు విప్పి, పాత చుట్టలు పీకి,
వార్నిష్ పూసి ఎండబెట్టి ఇస్తాను:
బోరు మోటార్లు, రొయ్యల చెరువు ఏరేటర్లు,
రైసు మిల్లుల ఫ్యాన్లు.

ఆవిడ ఆ యంత్రాన్ని
చంటిపిల్లలా చంకనేసుకుని వచ్చింది.
"ఏనుగులా ఘీంకరిస్తదండి మీరావలి గారూ,
చీమంతైనా తినదండి, ఆయ్."

విప్పాను.
సంచి నిండా పసుపు బియ్యం,
మల్లెదండల దారం, తళుకుల పొడి,
ఎవరిదో బారెడు సవరం
బ్రష్షు ఇరుసుకి ఉరితాడులా బిగిసి.
మోటారు తప్పేం లేదు.
పాపం, దానికి ఊపిరాడ్డం లేదు.

శుభ్రం చేసి పంపేస్తే మూడొందలు.
పంపలేకపోయాను.

ఆ రాత్రి మిల్లులో ఫ్యాను బిగించడానికి వెళ్తే
నెత్తి మీద రేకు గరాటా,
మనిషికి రెండింతల పొడుగు, కిందికి సన్నబడి.
తవుడు గాలితో లోపలికొచ్చి
గోడ పట్టుకుని గిర్రున తిరిగి
అలిసిపోయి గోనెలోకి రాలుతుంది.
గాలి ఒంటరిగా పైనుంచి వెళ్లిపోతుంది.
ఇరవై ఏళ్లు దాని కిందే నుంచుని
తుమ్మాను. చూడలేదు.

నూనె డబ్బా రేకు కోసి చిన్న గరాటా చేశాను.
సంచి తీసేసి అడుగున పచ్చళ్ల సీసా బిగించాను,
నిండితే కనపడాలని.
మొదటిది దుమ్ముని తిప్పి తిప్పి
నా మొహానే కొట్టింది.
రెండోదానికి నోరు పక్కవాటుగా పెట్టాను.
గాలి గోడకి ఎదురెళ్లకూడదు, ఒరుసుకుంటూ పోవాలి,
పంటు రేవుకి ఒరిగొచ్చినట్టు.
అప్పటికి కుదిరింది.

తివాచీ మీద బానే ఉందంది.
గ్రానైటు మీదకి తేగానే
బ్రష్షు అక్షింతల్ని నాలుగు మూలలకీ విసిరింది,
పెళ్లి మళ్లీ మొదలైనట్టు.

తివాచీకి దువ్వెన కావాలి,
రాతికి నాలిక కావాలి.
బ్రష్షు పైకి లేవడానికో మీట, సైకిలు స్టాండు స్ప్రింగుతో.
రాయిని ఆనుకోడానికి లారీ ట్యూబు పట్టీ,
ముందు అంచున పళ్లు కోసి,
ఒక్క బియ్యపు గింజ దూరేటంత సందు.
ఇరుసు పొడుగునా గాడి తీశాను,
బ్లేడు ఒక్కసారి నడిపితే జుట్టంతా ఊడొచ్చేలా.

పట్టుకెళ్లి ఇచ్చి పక్కన నుంచున్నాను
మెచ్చుకుంటుందని.
మరిడమ్మ రెండు వరసలు లాగి, ఆపి,
నడుం మీద చెయ్యేసుకుంది.
"అన్నీ బావున్నాయి గానండి,
ఈ పిడి ఎవరి కోసం చేశారు?"

గాలిని కొలిచాను. సందులు కొలిచాను.
వోల్టులు, ఆంపులు, కొసరు గ్రాములు కూడా.
నాలుగడుగుల పదంగుళాల మనిషిని,
అరవై దాటిన భుజాన్ని
కొలవలేదు.

ఎదురు కొట్టు దర్జీ దగ్గర టేపు అరువు తెచ్చి
ఆవిడ మోచెయ్యి నుంచి నేల దాకా పెట్టాను.
"జాకెట్టు గానీ కుడతారేంటండి!"
పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.
ఇనప గొట్టం తీసేసి వెదురు వేశాను,
జానెడు తగ్గించి.

మొన్న మాఘమాసంలో
తెల్లారుజామున మూడింటికి వెళ్లి చూశాను.
నాలుగు కుర్చీలు కలిపి వాటి మీద
ఆవిడ మనవడు, కోటు పేపరు కప్పుకుని నిద్ర.
ఎర్ర తివాచీ మీద చాళ్లు చాళ్లుగా
అసలు రంగు లేస్తోంది.
సీసాలో అక్షింతలు గిరగిరా.
ఆవిడ నడుం వంచలేదు.

నన్ను చూసి స్విచ్చి కట్టేసింది.
"ఒక్కటే లోటండి" అంది గుసగుసగా,
పిల్లాడి వైపు గడ్డం చూపిస్తూ.

కొట్టు గోడ మీద బొగ్గుతో రాసుకున్న వరసలో
ఇంకోటి చేర్చాను: చప్పుడు.
ఇప్పుడు దాని పొట్టకి చెవి ఆనించి వింటున్నాను,
ఇందులో రెక్క అరుపేది,
ఏ అతుకులోంచో దొంగగా జారిపోతున్న
గాలి ఈల ఏది.