కోళ్లు గుర్తుపట్టిన గొంతు

గ్లాస్గోలో, బట్టలుతికే యంత్రాల కొట్టు పైన
సబ్బు వాసన మెట్లెక్కి వచ్చే గదిలో
గురువారాలు పాఠం చెబుతుంది అజెనోర్ కెర్విగ్.
కింద యంత్రం సుడి తిరిగినప్పుడల్లా
నల్లబల్ల వణుకుతుంది,
దాని మీద అచ్చులు కూడా.

పుట్టింది బ్రిటనీ తీరాన, రోస్కాఫ్‌లో.
అమ్మ ఉల్లిపాయల్ని జడలల్లేది.
మేనమామ ఆ జడల్ని సైకిలుకి వేలాడేసి
ఓడెక్కి, వేల్స్‌లో వీధివీధీ తిరిగి అమ్మి,
చలికాలానికి ఖాళీ సైకిలుతో
జేబునిండా పరాయి అంకెలతో దిగేవాడు.
"ఐదుని మనం పెంప్ అంటామా,
వాళ్లు పింప్ అంటారే పిల్లా!"
అంత సముద్రమూ కలిసి
ఒక్క అచ్చునే మార్చగలిగింది.
ఆ రాత్రి ఆమెకి నిద్రపట్టలేదు.
ఇప్పుడు డెబ్బై ఆరేళ్లు. ఇంకా పట్టినట్టు లేదు.

వెల్ష్, ఐరిష్, మాంక్స్, గేలిక్,
చుట్టపుచూపుగా ఫిన్నిష్,
ఒక రైల్వే గుమాస్తా మీద కోపంతో పోలిష్.
ఎన్ని భాషలు వచ్చని అడిగితే విసుక్కుంటుంది.
మనకి భాష వస్తుంది.
గేలిక్‌లో రాదు, దగ్గర ఉంటుంది
గొడుగులా,
మొన్న దిగి ఇంకా వెళ్లని చుట్టంలా.
కలిగి ఉండటానికి వాళ్లకి క్రియే లేదు.

పిల్లిని తెచ్చి బల్ల మీద పెడుతుంది, వెల్ష్ పిల్లిని:
కాథ్.
నీదైతే గాథ్. ఆమెదైతే, గొంతు గీరి, ఖాథ్.
పరుషాలు సరళాలయ్యే సంధి దగ్గర
బడిలో కునుకు తీసినవాళ్లం
ఇక్కడ లేచి కూర్చుంటాం.
నాదైతే ఙాథ్.
అవును, ఆ ఙనే.
పలక మీద ఒక్కరోజు దిద్ది
మళ్లీ జన్మలో తలుపు తట్టని ఙ
ఎక్కడో వానపట్నంలో, పాలు తాగుతూ,
"నా పిల్లి"లో బతుకుతోంది.

టార్క్విల్ నవ్వడు. బస్సు డ్రైవరు.
నాయనమ్మ గేలిక్‌లో తిట్టేదట,
తిట్లు తప్ప తనకేం మిగల్లేదట.
"సరే, తిట్లతోనే మొదలుపెడదాం" అంది అజెనోర్.

ఒక్కసారి మాత్రం, ఎవరూ అడక్కుండా, చెప్పింది.
ఇరవై ఆరేళ్లప్పుడు
టేపు రికార్డరు వీపున మోసుకుని
అట్లాంటిక్ అంచున ఒక దీవికి వెళ్లింది.
ఓయ్‌రిక్ అనే ముసలామె
నాలుగొందల మాటల జాబితా చూసి
"ఇవి అడిగేవాళ్లు పోయారమ్మా, జవాబులూ వాళ్లవెంటే పోయాయి" అని
కోళ్లకి గింజలు వేయడానికి లేచింది.
టేపు చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి.
జుక్, జుక్, జుక్...
ఆపైన ఒక్కోదాన్నీ పేరుపెట్టి పిలిచి,
దెప్పి, బుజ్జగించి,
కుంటిదాన్ని విడిగా పక్కకి తీసి
నిన్నటి గాలివాన సంగతి దానికొక్కదానికే చెప్పి...
నలభై నిమిషాలు.
ఏ నిఘంటువూ కోయని పంట.

మరుసటేడు వెళ్తే ఇంటికి తాళం.
ఏం చేయాలో తోచక
వాకిట్లో టేపు పెట్టింది.
కంచె అవతల, పొరుగువాళ్ల దొడ్లోంచి
కోళ్లు పరుగెత్తుకొచ్చాయి.
అన్నిటికన్నా వెనక, కుంటిది.
ఆమె దగ్గర గింజల్లేవు.
ఆ సిగ్గు ఇంకా ఉందంది.
గేలిక్‌లో చెప్పింది కాబట్టి
తన మీద ఉందంది, తడి కంబళిలా.

ఈ వారం ముగ్గురే వచ్చారు.
"వచ్చే గురువారం వస్తావా?"
టార్క్విల్ తలూపాడు.
ఒప్పుకోలేదు.
ఆ భాషలో అవునూ లేదు, కాదూ లేదు,
గంగిరెద్దు ఊపు అక్కడ చెల్లదు.
అడిగినవాళ్ల క్రియని అందుకుని
సొంత నోట్లో పెట్టుకోవాలి.

కింద యంత్రం ఆగింది.
అతను పెదాలు తడుపుకున్నాడు.
నాయనమ్మ పోయాక ఆ గొంతులోంచి
తిట్టు కాని తొలిమాట:
"వస్తాను."

అజెనోర్ బల్ల తుడుస్తోంది.
"అచ్చు ఇంకాస్త పొట్టిగా" అంది,
వెనక్కి తిరక్కుండానే.