చావు కబుర్ల కిటికీ

ఇరవై రెండేళ్ళుగా ఈ కిటికీ వెనకే నేను.
మాటకింతని చావులు రాసుకుంటాను.

టీసా ఒడ్డున మా ఊరి పత్రిక
పోయిన చలికాలం అమ్ముడుపోయింది.
పక్క జిల్లాదీ, దాని పక్కదీ, మొత్తం పద్దెనిమిది
ఒకడే కొన్నాడట,
గంపగుత్తగా ఉల్లిగడ్డలు ఎత్తించినట్టు.
ఇప్పుడు మొదటి పేజీ రోజూ సాయంత్రం ఏడింటికి
రాజధానినుంచి దిగుతుంది
వండి, చల్లార్చి, మూతపెట్టి.
ఎవరూ ఏదీ కొట్టెయ్యరు.
కొట్టెయ్యడానికి ఎవరైనా రాస్తే కదా.
సంపాదకుడు బెర్తలాన్ ఎర్ర పెన్సిలుతో
ఆయన మనవరాలు టమాటాలకి రంగు వేస్తోంది.

మావంటూ మిగిలినవి రెండే:
వాతావరణం, చావులు.
వాతావరణం కూడా మొన్నట్నించీ అక్కడిదే.
బయట వాన, పేజీలో ఎండ.

మంగళవారం చికోష్ వెండెల్ వచ్చాడు
తడి బూట్లతో.
"ఒక చావుంది, రాసుకో."
ఎవరు?
"హర్చా."
ఆ ఇంటిపేరువాళ్ళు ఊళ్ళో ఉన్నారు,
మాకూ ఇంటిపేరే ముందు.
వయసడిగాను.
రెండు చేతులూ బార చాపి చూపించాడు.

హర్చా అంటే మా నదిలో వాలుగ చేప.

"బ్యాటరీల కార్ఖానా కాలవ కలిసే చోట.
ఒకటా రెండా, లెక్క తప్పిపోయింది."
మూడు ఉత్తరాలు రాశాడట పత్రికకి.
మూడింటికీ ఒకటే జవాబు: అందింది, ధన్యవాదాలు.
కార్ఖానా కాగితాల మీదా, నా జీతం చీటీ మీదా
సంతకం ఒక్కటే.

మాటలు లెక్కపెట్టాను.
కార్ఖానా అన్న మాట తీసెయ్యి మామా, అన్నాను.
తీసేశాడు.
రాత్రి పడుకున్నాక గానీ తెలియలేదు
కత్తెర ఎవరి చేతిలో ఉందో.

గురువారం పదకొండో పేజీలో, నల్లగీతల మధ్య:

*హర్చా టీసా.
మంగళవారం తెల్లవారుజామున, కుటుంబసమేతంగా,
కొత్త కాలవ దగ్గర.
పూలు వద్దు. వచ్చి చూడండి.*

శనివారం వచ్చారు.
నల్లబట్టల్లో, ముక్కులకి రుమాళ్ళతో.
తమవాళ్ళెవరో పోయారనుకుని
హర్చా ఇంటివాళ్ళూ వచ్చారు బస్సెక్కి.
సంగతి తెలిశాక కూడా వెళ్ళలేదు,
ఒడ్డునే నిలబడ్డారు, టోపీలు తీసి.

సోమవారం కాగితం అందింది:
ఇకమీదట చావులు కూడా రాజధానిలోనే రాసుకుంటారు.

సొరుగు ఖాళీ చేస్తున్నాను.
రసీదు పుస్తకం, కళ్ళజోడు, సగం అరిగిన రబ్బరు.
అడుగున వెండెల్ ఇచ్చిన చిల్లర.
లెక్కలో కట్టడం మరిచిపోయాను.
నీచు వాసన ఇంకా పోలేదు.